ఆయిల్ ట్యాంకుకు డిప్ తీసేటప్పుడు ఆవిర్ల నుంచి మనిషిని కాపాడుకోవడం ఎలా?

మెట్లెక్కి ట్యాంకు మీదికి వెళ్లడం, మూత తీయడం, టేపు వదిలి ఎంత నూనె ఉందో చూసి రాసుకోవడం. డిప్ తీయడమంటే ఇదే. చూసేవాళ్లకి ఇదంతా ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాల్లోనే మనుషులు పోయారు. అమెరికాలో 2010 జనవరి నుంచి 2015 మార్చి వరకు చమురు బావుల దగ్గర ట్యాంకులకు డిప్ తీస్తూనో శాంపిల్ పడుతూనో చనిపోయిన తొమ్మిది మంది వివరాలను అక్కడి వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ సేకరించింది. అందరూ ఆవిర్లు గుప్పున వచ్చే చోటికి దగ్గరలో ఉన్నారు. అందరూ ఒంటరిగా ఉన్నారు, లేదా ఆ సమయంలో వాళ్లని ఎవరూ గమనించడం లేదు. కొందరి మరణానికి కారణం గుండెకు సంబంధించిందని రాశారు. విషయం బయటపడ్డాక, 2016లో నియోష్, అక్కడి కార్మిక భద్రత శాఖ ఓషా కలిసి ప్రత్యేకంగా హెచ్చరిక విడుదల చేశాయి.

ఈ పని చేసేవాళ్ల కోసం, చేయించేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీరు మాస్కు గురించి చదువుదామని వచ్చి ఉంటే ఒక్క మాట. మాస్కు చివర్లో వస్తుంది. దానికి ముందు చేయాల్సినవి చాలా ఉన్నాయి, ప్రాణం నిలబడేది ఎక్కువగా వాటివల్లే.

మూత కింద ఏముంటుంది?

బావి నుంచి వచ్చిన ముడి చమురును సెపరేటర్‌లో వేరుచేసినా కొంత గ్యాస్ అందులో కరిగే ఉంటుంది. ట్యాంకులోకి వచ్చేసరికి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి సోడా మూత తీసినట్టే ఆ గ్యాస్ పైకి లేస్తుంది. ఈథేన్, ప్రొపేన్, బ్యూటేన్, పెంటేన్, వాటితోపాటు కొద్దిగా బెంజీన్. కొన్ని బావుల నూనెలో హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా ఉంటుంది. ఇదంతా నూనెకీ కప్పుకీ మధ్య ఖాళీలో ఒత్తిడి మీద నిలిచి ఉంటుంది. మీరు మూత ఎత్తగానే అది వెతుక్కునే మొదటి దారి మీ మొహం వైపే.

ఎండ ఏటవాలుగా పడే వేళ గమనించండి. మూత ఎత్తిన చోట గాలి అలలు అలలుగా కదులుతున్నట్టు కనిపిస్తుంది, మండుటెండలో తారు రోడ్డు మీద కనిపించినట్టే. కప్పు మీద దాని నీడ కూడా పాకుతుంది. అది వేడి కాదు, హైడ్రోకార్బన్ ఆవిరి. ప్రొపేన్ గాలికంటే ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు బరువు. అందుకే అవి పైకి ఎగిరిపోకుండా కప్పు మీదుగా జారి, మనిషి వంగిన చోటే పోగవుతాయి.

ఇవి మూడు రకాలుగా దెబ్బతీస్తాయి. ఆక్సిజన్‌ను నెట్టేసి ఊపిరి ఆడకుండా చేస్తాయి. మత్తులా పనిచేసి స్పృహ తప్పిస్తాయి. గుండె లయను చెడగొడతాయి. ఈ మూడోది చాలామందికి తెలియదు. ఎక్కువ మోతాదులో హైడ్రోకార్బన్ ఆవిరి పీల్చినప్పుడు గుండె అడ్రినలిన్‌కు విపరీతంగా స్పందించే స్థితిలోకి వెళ్తుంది. అప్పుడు భయంగానీ పరుగుగానీ ఒక్కసారిగా లయ తప్పించగలవు. ఆరోగ్యంగా ఉన్న కుర్రాడు కుప్పకూలితే "గుండెపోటు" అని సరిపెట్టేస్తే అసలు కారణం ట్యాంకు మీదే మిగిలిపోతుంది, తర్వాత ఎక్కేవాడి కోసం.

హైడ్రోజన్ సల్ఫైడ్ సంగతి వేరు. మొదట్లో కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. దాదాపు 100 పీపీఎం దగ్గర ముక్కు మొద్దుబారి వాసన ఆగిపోతుంది. పీపీఎం అంటే గాలిలో పది లక్షల పాళ్లకు ఒక పాలు. ఇందాక వచ్చిన వాసన ఇప్పుడు రావడం లేదంటే గ్యాస్ పోయిందని కాదు, పెరిగిందని కూడా అర్థం కావచ్చు.

నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక సీనియర్ అన్న ఉండేవాడు. పనిలో దిట్ట. మూత తీసి, మొహం దగ్గర పెట్టి వాసన చూసి "ఏం లేదులేరా, రా" అనేవాడు. సాయంత్రానికి మా ఇద్దరికీ తలనొప్పి, వాంతి వచ్చినట్టుండేది. ఎండ దెబ్బ అనుకునేవాళ్లం. ఆ తలనొప్పి ఎండది కాదని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

మొదటి మెట్టు: అసలు మూత తీయాలా?

డిప్ తీయమని చీటీ రాసే ప్రతిసారీ వేసుకోవాల్సిన ప్రశ్న ఇది. రాడార్ గేజ్, ఫ్లోట్ గేజ్ లాంటివి ఉంటే కొలత కిందే కనిపిస్తుంది. శాంపిల్ కోసం ట్యాంకు పక్కన కింది ఎత్తులో కుళాయి బిగించి, ఆవిరి బయటికి రాకుండా సీసాలోకి పట్టే ఏర్పాట్లు ఉన్నాయి. "అమ్మకానికి లెక్క కావాలి, చేత్తో తీస్తేనే చెల్లుతుంది" అనే మాట ఎక్కువగా వినిపిస్తుంది. కానీ బావుల దగ్గరి ట్యాంకుల్లో నూనెను మూత తెరవకుండానే కొలిచి అప్పగించే పద్ధతుల మీద అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ 2016లోనే ఒక ప్రమాణం ప్రచురించింది. కాబట్టి ఒప్పందంలో ఏం రాసుకున్నారో ఒకసారి తీసి చూడండి. ఏళ్ల తరబడి అలవాటుగా చేస్తున్నదాన్నే నియమం అనుకుంటూ ఉండొచ్చు.

గేజ్ ఉండి కూడా "దాన్ని నమ్మలేం" అని రోజూ పైకెక్కిస్తుంటే మార్చాల్సింది గేజ్‌ను. రిపేరు చేయించండి.

రెండో మెట్టు: ఎక్కే ముందు తెలుసుకోవాల్సినవి

కొలవక తప్పదనుకుంటే కిందే నిలబడి ఈ సంగతులు తేల్చుకోండి. ఇందులో ఉన్నది ఏ నూనె? తేలిక చమురు, లేదా కండెన్సేట్ (గ్యాస్ చల్లబడినప్పుడు దిగే పల్చటి నూనె) అయితే ఆవిర్లు చాలా ఎక్కువ. హైడ్రోజన్ సల్ఫైడ్ ఉందా, చివరిసారి కొలిచినప్పుడు ఎంత వచ్చింది? ట్యాంకులోకి ఇప్పుడు నూనె వస్తోందా? వస్తుంటే మూత ముట్టుకోవద్దు. వచ్చే ప్రతి లీటరు అంత ఆవిరిని బయటికి తోస్తుంది. నింపడం ఆగాక కూడా పెద్ద ట్యాంకులకు కనీసం 30 నిమిషాలు ఆగండి. నూనెలో పుట్టిన, నిప్పురవ్వ లేపగల స్టాటిక్ విద్యుత్తు దిగిపోవడానికి ఈ గడువు ఎప్పటినుంచో పాటిస్తున్నదే, ఆవిర్లు కొంత సద్దుమణగడానికీ పనికొస్తుంది.

ట్యాంకులో ఒత్తిడి ఉంటే ముందుగా గ్యాస్‌ను మండించేసే ఫ్లేర్ లైనుకో, ఆవిరిని తిరిగి పట్టుకునే యూనిట్‌కో మళ్లించి తగ్గించాలి. ఇలా మళ్లించే వాల్వ్ కిందే, మూతకు దూరంగా ఉండాలి. లేకపోతే పెట్టించమని రాసి ఇవ్వండి.

తర్వాత ఆకాశం చూడండి. ఉరుములు, మెరుపులు ఉంటే ఆ రోజుకి డిప్ లేదు. ఆకు కదలకుండా గాలి స్తంభించిన వేళ కూడా నా లెక్కలో చెడ్డదే. గాలి వీచేటప్పుడు చెదిరిపోయే ఆవిరి అప్పుడు మూత చుట్టూ చెరువులా నిలిచిపోతుంది. తెల్లవారుజామున చల్లగా ఉంది కదా, ఏం కాదనుకుని ఎక్కేవాళ్లు ఇక్కడే పొరబడతారు.

మూడో మెట్టు: మీటర్ ఏం చెబుతోంది, ఏం చెప్పడం లేదు

ఆక్సిజన్, మండే గ్యాస్, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్ కొలిచే నాలుగు గ్యాసుల మీటర్ చాలాచోట్ల ఉంది. ఒక్క హైడ్రోజన్ సల్ఫైడ్ మీటర్ పెట్టుకుని పైకెక్కితే ప్రొపేన్, బ్యూటేన్ గురించి అది ఒక్క ముక్క చెప్పదు. ఈ తేడా అందరికీ తెలియాలి.

ఇప్పుడు ఒక లెక్క నిదానంగా చూడండి. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. మీటర్ అలారం ఎక్కువగా 19.5 దగ్గర పెడతారు. తేడా 1.4 మాత్రమే కదా, కాస్త తగ్గింది అనిపిస్తుంది. కానీ ఆవిరి వచ్చినప్పుడు ఒక్క ఆక్సిజన్‌నే నెట్టదు, మొత్తం గాలినే నెడుతుంది. ఆక్సిజన్ 1.4 తగ్గాలంటే గాలిలో దాదాపు 6.7 శాతం చోటును వేరే ఆవిరి ఆక్రమించి ఉండాలి. అంటే సుమారు 67,000 పీపీఎం. ప్రొపేన్‌కు 2,100 పీపీఎం దాటితేనే ప్రాణానికి తక్షణ ప్రమాదమున్న స్థాయి అని నియోష్ లెక్కగట్టింది. బ్యూటేన్‌కు 1,600. ఆక్సిజన్ అలారం మోగేసరికి మీరు ఆ హద్దుకు ముప్పై రెట్లు దాటి ఉంటారు. కాబట్టి ఆక్సిజన్ అలారం కోసం ఎదురు చూడకండి. మీరు చూడాల్సింది మండే గ్యాస్ రీడింగ్. అది పేలుడు కింది హద్దులో, అంటే గాలిలో ఆవిరి మండగలిగే కనీస పాళ్లలో, 10 శాతానికి చేరితే పని ఆపి పక్కకు రావాలి. ప్రొపేన్ పేలుడు కింది హద్దు 2.1 శాతం, అందులో పదో వంతే ఆ 2,100.

మండే గ్యాస్ సెన్సర్‌కు కూడా బలహీనతలున్నాయి. ఎక్కువ మీటర్లలో ఉండేది గ్యాస్‌ను లోపల మండించి కొలిచే సెన్సర్. దానికి ఆక్సిజన్ కావాలి. ఆవిరి మరీ చిక్కగా ఉంటే మండదు, అప్పుడు రీడింగ్ తప్పుగా తక్కువ చూపించొచ్చు. ఒక్కసారిగా పైకెళ్లి మళ్లీ కిందికి పడిపోయిందంటే గాలి బాగుపడిందని అనుకోవద్దు, ఆ చోటు వదిలేయండి. మీథేన్‌తో కాలిబ్రేట్ చేసిన మీటర్ బరువైన ఆవిర్లను తక్కువగా చూపిస్తుంది. సిలికోన్ స్ప్రేలు తగిలితే సెన్సర్ చచ్చిపోతుంది, పైకి ఏమీ తెలియదు. అందుకే ప్రతి షిఫ్ట్‌లో బంప్ టెస్ట్ చేయాలి, అంటే టెస్ట్ గ్యాస్ కాస్త తగిలించి మీటర్ స్పందిస్తోందో లేదో చూడాలి. ట్యాంకులకు దూరంగా, శుభ్రమైన గాలిలోనే మీటర్‌ను ఆన్ చేసి జీరో చేయాలి. ఆవిర్ల మధ్య జీరో చేస్తే ఆ ఆవిర్లే దానికి మంచి గాలి అయిపోతాయి.

మీటర్‌ను కాలర్ దగ్గర, ముక్కుకు ఓ జానెడు దూరంలో తగిలించుకోండి. బెల్టుకో, జేబులోపలో పెడితే మీరు పీల్చే గాలి దానికి తెలియదు. ఇంకో మాట. గుప్పున లేచే ఆవిరి ఒక్క ఊపిరిలో లోపలికి పోతుంది, సెన్సర్ స్పందించడానికి కొన్ని సెకన్లు పడుతుంది. మీటర్ ఉంది కదా అని మొహం దగ్గరగా పెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ పనికిరాదు.

నాలుగో మెట్టు: గాలి సిలిండర్‌తో ఉండే బ్రీతింగ్ సెట్

గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు ఇక్కడ దేనికీ పనికిరావు. క్యాట్రిడ్జ్ మాస్కు గురించి అపోహ ఎక్కువ కాబట్టి స్పష్టంగా చెప్తాను. అది ఆక్సిజన్ ఇవ్వదు, ఉన్న గాలిని వడకడుతుంది అంతే. ప్రొపేన్, బ్యూటేన్ లాంటి తేలిక గ్యాసులను అందులోని బొగ్గు సరిగా పట్టుకోలేదు. ఆక్సిజన్ తగ్గే చోట, ప్రాణానికి తక్షణ ప్రమాదమున్న చోట వాడాల్సింది మొహమంతా కప్పే, బయటి గాలి లోపలికి రాకుండా లోపల ఎప్పుడూ ఎక్కువ ఒత్తిడి ఉండే బ్రీతింగ్ సెట్. లేదా గొట్టం ద్వారా గాలి అందే సెట్, దానికి తోడు తప్పించుకోవడానికి చిన్న సిలిండర్.

ఎప్పుడు వేసుకోవాలి? మీ ట్యాంకుల మీద, మీ వాతావరణంలో, మూత తీసినప్పుడు పీల్చే గాలిని పద్ధతిగా కొలిపించిన రికార్డు ఉంటే దాన్నిబట్టి నిర్ణయించండి. అలాంటి రికార్డు లేకపోతే వేసుకునే ఎక్కండి. సెట్‌ను కిందే తొడుక్కుని, సీలు పరీక్షించుకుని మెట్లెక్కాలి. పైకి వెళ్లి తొడుక్కుందామని భుజాన వేసుకెళ్లొద్దు. గడ్డం ఉంటే సీలు కుదరదు, ఒకట్రెండు రోజుల గడ్డమైనా సరే. 30 నిమిషాల సిలిండర్ అని రాసి ఉన్నా, మెట్లెక్కే ఆయాసానికి అంతకంటే ముందే అయిపోతుంది. గాలి అయిపోవస్తోందని సెట్ విజిల్ మోగితే కొలత సగంలో ఉన్నా దిగిపోవడమే.

ఎండలో దాన్ని మోయడం కష్టం. ఆ సంగతి నాకు తెలుసు. ఆ కష్టమే మొదటి మెట్టుకు మళ్లీ వెళ్లేలా మీ యాజమాన్యాన్ని ఒప్పించే వాదన కూడా.

ఐదో మెట్టు: ఇద్దరు లేకుండా ఎక్కొద్దు

రెండో మనిషి కంటికి కనిపించే చోట, గాలి వచ్చే వైపు, దూరంగా నిలబడాలి. అతని పని చూడటం ఒక్కటే. ట్యాంకర్ గొట్టం బిగించడం, చీటీలు రాయడం లాంటివి అతనికి అప్పగించకూడదు. ఇద్దరి దగ్గరా మండే గ్యాసు ఉన్న చోట వాడదగిన వాకీటాకీ ఉండాలి. మామూలు సెల్‌ఫోన్ కిందే వదిలేయాలి. రాత్రిపూట ట్యాంకర్ డ్రైవర్ ఒక్కడే వచ్చి, ఒక్కడే ఎక్కి, డిప్ తీసుకుని పోయే ఏర్పాటు మీ దగ్గర ఉంటే ఇవాళే ఆపించండి.

ఆరో మెట్టు: పైన, అడుగు అడుగుకీ

మెట్ల రెయిలింగ్‌ను వట్టి చేత్తో పట్టుకుని ఎక్కండి, ఒంటి మీది స్టాటిక్ దిగిపోతుంది. నైలాన్, పాలిస్టర్ బట్టలు వద్దు, నిప్పంటుకోని పని దుస్తులు వేసుకోండి.

గాలి ఎటు వీస్తోందో చూసుకోండి. గాలికి ఎదురుగా, అంటే ఆవిరి మొహం మీదికి వచ్చేలా నిలబడకూడదని అందరికీ తెలుసు. వీపుకు గాలి తగిలేలా నిలబడితే మంచిదనుకుంటారు. అదీ సరికాదు. గాలి మీ వీపును దాటాక ఛాతీ ముందు సుడి తిరుగుతుంది, మూత నుంచి లేచిన ఆవిరిని ఆ సుడి మీ ముక్కు వైపే లాగుతుంది. గాలి ఒక భుజం మీదుగా అడ్డంగా పోయేలా నిలబడండి. అప్పుడు ఆవిరి మీ ముందు నుంచి పక్కకు కొట్టుకుపోతుంది.

మూతకు చేయి చాచినంత దూరంలో, పక్కగా ఉండి, మొహం అవతలికి తిప్పుకుని, గొళ్లెం వదిలి కొద్దిగా మాత్రమే ఎత్తండి. బుస్సుమని చప్పుడు వస్తుంది. అలాగే వదిలేసి నాలుగడుగులు వెనక్కి, గాలి వచ్చే వైపు నడవండి. చప్పుడు ఆగి, మీటర్ నిలకడగా తక్కువలో ఉన్నాకే తిరిగి రండి. ఎంతసేపటికీ తగ్గకపోతే ఆ డిప్ వాయిదా వేయండి.

టేపు వదిలేటప్పుడు లోహపు టేపును మూత అంచుకు తాకించి, దిగినంతసేపూ ఆ స్పర్శ పోకుండా ఉంచండి. శాంపిల్ సీసాకు ప్లాస్టిక్ తాడు వాడొద్దు, నూలు తాడు వాడండి.

మనుషులు ఎక్కువగా పొరబడే క్షణం ఇదే అని నా అనుభవం. తేలిక నూనె టేపు మీద పల్చగా అంటుతుంది, గీత సరిగా కనబడదు. టేపు పైకి లాగుతూనే, ఎక్కడ తడిసిందో చూద్దామని మనిషి తల వంచుతాడు. టేపు ఇంకా మూత నోట్లోనే ఉంటుంది, తల దాని మీదికి వెళ్తుంది. రెండు మూడు ఊపిరులు, అంతే. దీనికి విరుగుడు తేలిక. నూనె వస్తుందనుకున్న ఎత్తు దగ్గర టేపుకు గేజింగ్ పేస్ట్ రాయండి. నూనె తగిలిన చోట రంగు మారి గీత స్పష్టంగా తెలుస్తుంది. టేపును పూర్తిగా బయటికి తీసి, మూత దించేసి, నాలుగడుగులు పక్కకు వచ్చి, నిటారుగా నిలబడి చదవండి. కొలత సరిపోక మళ్లీ తీయాల్సి వస్తే మధ్యలో మూత మూసే ఉంచండి. మూత తెరిచి ఉండే ప్రతి నిమిషం లెక్కలోకి వస్తుంది.

తేలే కప్పున్న ట్యాంకుల్లో నూనె తగ్గి కప్పు లోపలికి దిగినప్పుడు, దాని మీదికి దిగడం బావిలోకి దిగినట్టే. దానికి వేరే పర్మిట్, వేరే ఏర్పాట్లు కావాలి, దాన్ని డిప్ పనిగా చూడొద్దు.

తల తిరిగితే, పక్కవాడు పడిపోతే

తల తేలికగా అనిపించినా, మాట తడబడినా, కారణం లేకుండా నవ్వొచ్చినా అది ఆవిరి పనే అనుకోండి. టేపు వదిలేయండి, మూత కూడా వదిలేయండి. గాలి వచ్చే వైపు నడిచి, రెయిలింగ్ పట్టుకుని, వాకీటాకీలో చెప్పండి. తల తిరుగుతుండగా నిచ్చెన ఒంటరిగా దిగొద్దు. మంచి గాలిలోకి వచ్చాక కూర్చోండి, పరుగులు పెట్టొద్దు.

పైన మనిషి పడిపోతే కిందివాడికి మొదట వచ్చే ఆలోచన మెట్ల మీదికి దూకడం. తోటివాడి మీద ప్రేమతోనే అలా చేస్తాడు, కానీ ఇద్దరూ పోతారు. ముందు గట్టిగా కేక వేసి, సహాయం పిలిచి, బ్రీతింగ్ సెట్ తొడుక్కున్నాకే ఎక్కాలి. సెట్ ఎక్కడుందో వెతుక్కునే పరిస్థితి ఉండకూడదు, అది మెట్ల మొదట్లో సిద్ధంగా ఉండాలి. నెలకోసారైనా బొమ్మ మనిషిని పైన పడుకోబెట్టి దించడం ప్రాక్టీస్ చేయండి. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లినప్పుడు "ఎండకు పడిపోయాడు" అనకుండా, ట్యాంకు మూత దగ్గర హైడ్రోకార్బన్ ఆవిరి పీల్చాడని స్పష్టంగా చెప్పండి. మెలకువ వచ్చి బాగానే ఉన్నానన్నా గుండె పరీక్ష చేయించకుండా ఇంటికి పంపొద్దు.

పని చేయించేవాళ్లకు

లోడుకింత అని డబ్బులిచ్చే చోట ఆగడం అంటే నష్టపోవడమే. ఆవిరి తగ్గే వరకు ఆగిన సమయానికి కూడా కూలి కట్టండి, లేకపోతే పైన రాసినవేవీ జరగవు. కొత్తగా చేరినవాళ్లకు, కాంట్రాక్టు డ్రైవర్లకు వాళ్ల భాషలో, ట్యాంకు దగ్గరే నిలబెట్టి నేర్పండి. "ఈ రోజు ఎక్కను" అన్నవాడిని నలుగురిలో నిలదీయకండి.

లాగ్‌బుక్‌లో నూనె కొలత పక్కనే ఇంకో గడి గీయించండి. మూత తెరిచి ఉన్నప్పుడు మీటర్ చూపించిన గరిష్ఠ రీడింగ్, గాలి వాటం, ఎక్కినవాడికి తలనొప్పి వచ్చిందా లేదా అందులో రాయాలి. నెల తిరిగేసరికి ఏ ట్యాంకు మీద అంకెలు పెద్దగా ఉన్నాయో మీకే కనిపిస్తుంది. రాడార్ గేజ్ కొనడానికి ఒక్కదానికే డబ్బుంటే, ముందు ఆ ట్యాంకుకే బిగించండి.